ఎర్ర కారుకు సన్న జాలీ

"ఈ జాలీ ఎవరు కట్టిన్రు తమ్మీ?"

ఎర్ర స్పోర్ట్స్ కారు ముందు గొంతుక్కూర్చుని అడిగాడు ఆ పెద్దమనిషి. నలిగిన చొక్కా, చేతిలో కూరగాయల సంచి.

నరేశ్ చేతిలో పానా కింద పెట్టాడు.

"నేనే కట్టిన. ఏం?"

"తీసెయ్యి."

షెడ్డులో ఉన్న నలుగురు మెకానిక్కులూ గొల్లున నవ్వారు.

సిద్దిపేట కరీంనగర్ రోడ్డులో నరేశ్ షెడ్డు తెలియని రైతు లేడు. కోతల కాలం వచ్చిందంటే చుట్టుపక్కల ఊళ్ల హార్వెస్టర్లన్నీ అతని వాకిట్లోనే. ఈ మధ్యే బోర్డు మీద ఇంకో లైను రాయించాడు: 'స్పోర్ట్స్ కార్లు కూడా బాగుచేయబడును.'

ఆ లైనుకే ఇప్పుడు ముప్పొచ్చింది.

రైస్‌మిల్లు మధుసూదన్ కూతురు సంగీత ఆ ఎర్ర కారును రేసుల్లో నడుపుతుంది. మూడు రౌండ్లు తిరిగేసరికి ఇంజన్ ఆయిల్ సలసల కాగుతోంది. కాగితే పలచబడుతుంది. మరీ పలచబడితే ఇంజన్ పట్టేస్తుంది.

"వడ్ల మిషన్లు చూసేవాడికి రేసు కారెందుకు?" అని హైదరాబాద్‌లో ఓ పెద్ద గ్యారేజీవాళ్లు నవ్వారు.

నరేశ్‌కు కాలింది. ఆదివారం రేసులో వాళ్ల కారును మన కారు దాటకపోతే, ఆ లైను నా చేత్తోనే చెరిపేస్తానని అందరి ముందూ మాట విసిరేశాడు.

అందుకే కొత్తగా ఆయిల్ కూలర్ బిగించాడు. చూడటానికి చిన్న రేడియేటర్‌లా ఉంటుంది. కాగిన ఆయిల్ దాని సన్నటి గొట్టాల్లో తిరిగి, ఎదురుగాలికి చల్లబడి మళ్లీ ఇంజన్‌లోకి వెళుతుంది. దాని ముందు, హార్వెస్టర్‌కు కట్టినట్టే, సన్నకళ్ల జాలీ కట్టాడు.

"ఎందుకు తియ్యాలె కాకా? రోడ్ల పొంటి వడ్లు ఆరబోసిన్రు. పొట్టు పోయి కూలర్ల కూసుంటే?"

పెద్దమనిషి వంగి కూలర్ గొట్టాలు చూశాడు.

"నీళ్లతోని సల్లబరిచే కూలర్ గూడ ఉంటది గదా. గదెందుకు పెట్టలే?"

"రేడియేటర్ల నీళ్లే ఉడుకుతుంటే, గా నీళ్లతోని ఆయిల్ ఏం సల్లబడ్తది?"

"ఆయిల్ చాంబర్ పెద్దది జేస్తే?"

"బరువు పెరుగుతది. కాగుడు జర లేటైతది గని ఆగదు."

"శభాష్! అంతా సక్కగ జేసినవ్. జాలీ ఒక్కటే తప్పు." పెద్దమనిషి వేలితో జాలీని మీటాడు. "హార్వెస్టర్ మనిషి నడిచినట్టు నడుస్తది. గాలిని ఫ్యాను గుంజుతది. గీ కూలర్‌కు ఫ్యాను లేదు, ఉరికినప్పుడు తగిలే గాలే దిక్కు. గా గాలిని నువ్వు జల్లెడ పడ్తున్నవ్."

ఈసారి మెకానిక్కులు నవ్వలేదు. అది చూసి నరేశ్‌కు ఇంకా చిర్రెత్తింది.

"కాకా, నువ్వెన్ని రేసు కార్లు జూసినవ్?"

పెద్దమనిషి నవ్వి లేచాడు.

"మా ఊరు నంగునూరు బస్సొచ్చే యాళ్లయింది. పోతున్న తమ్మీ. రాయో రప్పో ఎన్నడో ఒకసారి తగుల్తది. గాలి ఎప్పుడూ కావాలె."

"బస్టాండ్ గటు దిక్కు," అన్నాడు నరేశ్. చాయ్ తాగి పొమ్మని కూడా అనలేదు.

ఆదివారం పొద్దున ట్రాక్ మీద ట్రయల్. నాలుగు రౌండ్లకే సంగీత కారు ఆపేసింది.

"నరేశన్నా, ఆయిల్ వేడి నూట నలభై డిగ్రీలు దాటింది! ఇంకో రౌండు కొడితే ఇంజన్ పోతుండె. పది రౌండ్లు ఎట్ల కొట్టాలె?"

పక్క షెడ్డులోంచి హైదరాబాద్ గ్యారేజీ కుర్రాళ్లు కేకేశారు.

"అన్నా, కోతలు మొదలైనయా?"

నరేశ్ కారు ముందు గొంతుక్కూర్చున్నాడు. జాలీకి చెయ్యి అడ్డం పెట్టాడు. ఎదురుగాలి బాగానే వీస్తోంది. చెయ్యి జాలీ వెనక్కి పెట్టాడు. గాలి తగిలీ తగలనట్టుంది.

కటింగ్ ప్లయర్ అందుకున్నాడు.

"ఏం జేస్తున్నవన్నా?"

"తప్పు దిద్దుకుంటున్న చెల్లె."

టక్. టక్. టక్. జాలీ ఊడి నేల మీద పడింది.

రేసు మొదలైంది. హైదరాబాద్ కారు ముందు, ఎర్ర కారు వెనక. నాలుగు రౌండ్లయ్యాయి. అయిదు. ఆరు. ఎర్ర కారు ఆగలేదు. తొమ్మిదో రౌండు మలుపులో సంగీత లోపలి వైపు నుంచి దూసుకొచ్చింది. పదో రౌండు ముగిసేసరికి ఎర్ర కారు మూడు సెకన్లు ముందుంది!

"అన్నా, నూట పది దాటితే ఒట్టు!" అంటూ దిగింది సంగీత.

నరేశ్ కళ్లు తుడుచుకున్నాడు.

"గీ గెలుపు నాది కాదు చెల్లె. నంగునూరుల ఒక కాక ఉన్నడు. పేరన్న అడగకపోతిని. రేపే పోయి కాళ్లు మొక్కుత." అంతలోనే ఛాతీ విరుచుకున్నాడు. "గీ హైదరాబాదోళ్లకు జెప్పాలె, సిద్దిపేటల కూరగాయల సంచి పట్టుకున్నోనికి గూడ ఇంజన్ తెలుస్తదని!"

మైకులో బహుమతుల పిలుపు మొదలైంది. ముందు రెండో స్థానం. హైదరాబాద్ గ్యారేజీ.

"కప్పు అందుకోవడానికి, ఇరవై ఆరేళ్లుగా ఆ గ్యారేజీ హెడ్ మెకానిక్‌గా ఉన్న లింగమూర్తి గారు రావాలి!"

ఓడిన జట్టు నీలం చొక్కాలో, గెలిచినవాడికంటే గర్వంగా నరేశ్ వైపే చూస్తూ మెట్లెక్కాడు ఆ నంగునూరు పెద్దమనిషి.