జిగురుకూ గాలాడాలి

"ఇంకో వేలు పెట్టు తాతా."

పెట్టాడు.

"అదీ తీసుకోవట్లేదు. నీ వేళ్ళకి గీతలే లేవేంటి?" అంది రిసెప్షన్ అమ్మాయి.

ఊడ్చే పనిలో ఆ రోజే చేరిన ముసలాయన తన వేళ్ళ వంక చూసుకున్నాడు. "అరిగిపోయాయమ్మా."

వేలిముద్రల హాజరు మిషను ఒప్పుకోని మనిషి ఆ ఆఫీసులో అప్పటికే ఒకడున్నాడు. నమూనాల మేస్త్రి. అతని ఒక్కడి కోసం ఉంచిన పుస్తకంలో ఆ రోజు నుంచి రెండో సంతకం చేరింది. చెయ్యి వణుకుతుందేమో, అది కోడి కెలికినట్టు ఉండేది.

మేస్త్రి పని వెనక గదిలో. కట్టబోయే భవనాలకు ముందుగా బల్ల మీద పట్టేంత నమూనాలు చేస్తాడు. గోరంత తలుపులు, బియ్యపు గింజంత మెట్లు. అన్నీ సూపర్ గ్లూతో అంటించాలి. చుక్క ఎక్కువైతే పొంగి పరువు తీస్తుంది, తక్కువైతే ఊడి చేతికొస్తుంది.

ఇంట్లో ఎవరూ లేరు. గదిలోనూ ఎవరూ లేరు. ఉన్న రెండో కుర్చీలో పన్నెండేళ్ళుగా అట్టపెట్టెలు కూర్చున్నాయి.

నేర్పిన గురువు కూడా లేడు. రిసెప్షన్ పక్కన గాజు పెట్టెలో ఉన్న పాత ఓడరేవు నమూనాను చూసి చూసి నేర్చుకున్నాడు. అందులో వెంట్రుకంత తాళ్ళు కూడా ఉన్నాయి గానీ, జిగురు జాడ ఎక్కడా లేదు. ఎవరో పాత మేస్త్రి చేశాడట. ఆఫీసు చేతులు మారినప్పుడు వెళ్ళిపోయాడట. పేరు తెలిసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

ఆ గాజుకు లోపలివైపు ఓ మూల చింతగింజంత తెల్ల మచ్చ, దాని మధ్యలో అడ్డంగా ఓ గీత. పైనుంచి ఎంత తుడిచినా పోదు. అంత పనికి ఆ మాత్రం దిష్టిచుక్క ఉండాలిలే అని మేస్త్రి నవ్వుకునేవాడు.

ముసలాయన రోజూ సాయంత్రం ఐదింటికి చీపురుతో వచ్చేవాడు.

"ఆ గాజు పెట్టె తుడవడానికే అరగంట, పనిదొంగ!" అనేది రిసెప్షన్ అమ్మాయి.

ఓ రోజు మేస్త్రి పుల్లతో కిటికీ అంటిస్తుంటే వెనక నుంచి గొంతు వినిపించింది.

"పుల్ల జిగురు తాగేస్తుంది సార్. సూది బెజ్జం కొస విరిచి ముంచండి. రెండు కొమ్ముల మధ్య ఒక్క చుక్కే నిలుస్తుంది."

"ఊడ్చేవాడివి ఊడ్చుకో. అంటించడానికి నేనున్నాను."

ముసలాయన వెళ్ళాక సూది విరిచి చూశాడు. చుక్క చెప్పినట్టు వింది. ఎప్పుడో దర్జీ పని చేసుంటాడు అనుకున్నాడు. బాగుందని చెప్పడానికి మాత్రం మర్నాడు నోరు రాలేదు.

ఇంకో సాయంత్రం మేస్త్రికి ఎవరితోనైనా మాట్లాడాలనిపించింది. ఎదురుగా ఉన్నది ముసలాయనే.

"ఆ ఓడరేవు చేసినాయన ఒక్కసారి కనిపిస్తే చాలు పెద్దాయనా."

"కనిపిస్తే ఏం చేస్తారు సార్?"

"ఆ పెట్టెలు దించి, ఆ కుర్చీలో కూర్చోబెట్టుకుంటా. నా పని ఎలా ఉందో చెప్పమంటా. ఇన్నేళ్ళలో బాగుందన్న నాథుడు లేడు."

చీపురు ఆగింది. "సార్, ఆ ఓడరేవు..."

"నీకేం అర్థమవుతుందిలే. ఆ మూల సరిగ్గా ఊడ్చు."

ముసలాయన ఆ మూల సరిగ్గా ఊడ్చాడు.

తర్వాత కొత్త ఆస్పత్రి నమూనా వచ్చింది. రెండు వందల అద్దాల కిటికీలు. దుమ్ము పడకుండా మేస్త్రి సాయంత్రమే దాని మీద ప్లాస్టిక్ మూత బోర్లించి వెళ్ళేవాడు. పొద్దున వచ్చి చూస్తే మూత ఓ పక్కకు లేచి, కింద పెన్సిలు ముక్క ఉండేది. మూడు రోజులు అదే వరస.

"మూత ఎందుకు లేపుతున్నావ్?"

"జిగురుకూ గాలాడాలి సార్. ఆరకముందే మూసేస్తే..."

"దుమ్ము పడితే రెండు వందల కిటికీలు నువ్వు తుడుస్తావా?"

తిన్నగా మేనేజర్ దగ్గరికెళ్ళాడు. సాయంత్రానికల్లా ముసలాయన పని పోయింది.

వెళ్ళేముందు ముసలాయన ఆ గది గుమ్మం దగ్గర ఆగాడు.

"పని చాలా బాగుంది సార్."

ఊడ్చేవాడి మెప్పు ఎవడిక్కావాలి? మేస్త్రి తల కూడా తిప్పలేదు. చివరి కిటికీలు అంటించి, మూత గట్టిగా బిగించి ఇంటికెళ్ళాడు.

పొద్దున చూస్తే కిటికీలన్నీ తెల్లబడిపోయాయి. బయటికి దారి లేని జిగురు ఆవిరి అద్దాల మీదే పేరుకుంది. మూత లోపలి అంచున చేతులు తగిలిన చోటల్లా వేలిముద్రలు తెల్లగా తేలాయి.

మేస్త్రి వంగి చూశాడు. ఆ ముద్రల్లో గీతల్లేవు.

తనవే అనుకున్నాడు. జిగురు అంటుకోవడం, బ్లేడుతో గీకడం, ఏళ్ళ తరబడి అదే పనైతే వేళ్ళకు గీతలు మిగలవు. చీపురు పడితే చేతులు కాయలు కాస్తాయి గానీ వేళ్ళు ఇలా నున్నబడవు. కానీ ఒక బొటనవేలి ముద్ర తన వేలికన్నా పెద్దది. దాని మధ్యలో అడ్డంగా పాత గాటు. తన వేలికి గాటు లేదు.

రిసెప్షన్‌కి పరుగెత్తాడు.

"ఆ పెద్దాయన ఎక్కడుంటాడు?"

"మీరే కదా సార్ వద్దన్నారు!"

"ఇల్లెక్కడో తెలుసా?"

"పనికి పంపినవాళ్ళని అడిగాను సార్, జీతం ఇద్దామని. గది ఖాళీ చేసి రాత్రే వెళ్ళిపోయాడట. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదట."

మేస్త్రి వెనక్కి తిరిగాడు. ఎదురుగా గాజు పెట్టె, అందులో ఓడరేవు, ఆ గాజు లోపలి మూలలో తను ఇన్నేళ్ళూ దిష్టిచుక్క అనుకున్న తెల్ల మచ్చ: గీతల్లేని బొటనవేలు, మధ్యలో అడ్డంగా అదే గాటు.