‘మేడమ్’ అనాలి

“ఆ కాల్ వద్దులే, ఇంకోటి తీసుకో,” అన్నాడు సూపర్‌వైజరు, నేల చూపులు చూస్తూ.

“రూలంటే రూలే. నేనిదే వింటాను,” అంది సీనియరు.

అది మెరుపు అనే కుర్రాడు ఎత్తిన కాల్.

జనం అంబులెన్సు కోసం ఫోన్ చేస్తే ఎత్తే గది అది. రెండో రింగు మోగేలోపే ఎత్తుతాడని అతనికా పేరు. వారానికోసారి అక్కడ ఒకరి కాల్ ఇంకొకరు విని, ముందో మంచి మాట, తర్వాతో లోపం చెప్పాలి. చేదు మాత్రకి బెల్లం పూసినట్టన్నమాట. మామూలప్పుడైతే అదో సరదా. కానీ ఇవాళ ఆవిడ పట్టుబట్టింది, బండి చేరేలోపే మనిషి పోయిన కాల్ కోసం. ఆ రోజు నుంచి మెరుపుకి అన్నం సయించట్లేదు. ఇది తన వల్లయ్యే పని కాదని, ఇవాళ్టితో మానేస్తానని అందరికీ చెప్పేశాడు. సీనియరేమో సెలవు నుంచి ఇవాళే వచ్చింది. వస్తూనే ఇది అడిగింది.

గదిలో అందరూ తలలు వంచేసి పనిలో మునిగినట్టు నటించారు. ఆవిడ హెడ్‌సెట్ పెట్టుకుంది. మొహంలో ఏ భావమూ లేదు. బయటికి ఒక్క ముక్క వినబడకపోయినా మెరుపుకి ప్రతి మాటా కంఠతా వచ్చు. చివరిదాకా వినకుండానే ఆవిడ ఆపేసింది.

“ముందు మంచి మాట. ఎత్తగానే ఊపిరాడుతోందా అనడిగావు. గుండె మీద ఎలా నొక్కాలో ఓపిగ్గా చెప్పావు. ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు.”

తిట్టిపోసినా బాగుండేదనిపించింది మెరుపుకి.

“ఇప్పుడు లోపం. ఆడవాళ్ళెవరు చేసినా ‘మేడమ్’ అనాలి. నువ్వు మధ్యలో ‘అక్కా’ అన్నావు. అక్కడ్నించీ నీ గొంతు వణికింది. ఆ కంగారులో ఇంటి గుర్తులు అడగలేదు. తెలిసిన చోటే కదా అని డ్రైవరుకి నువ్వే చెప్పేశావు. బండి పక్క సందులోకి పోయింది.”

“అంటే, నా వల్లే...” అన్నాడు మెరుపు.

“అది నువ్వూ చెప్పలేవు, నేనూ చెప్పలేను. తెలిసిన చోటైనా సరే, అడగాలి. అది నేర్చుకో చాలు. మానేస్తానంటే మాత్రం ఊరుకోను. రేపింకెవరో ఏడుస్తూ ఫోన్ చేస్తారు. ఎత్తేవాళ్ళు ఉండాలి కదా!”

హెడ్‌సెట్ తీసి అతని చేతిలో పెట్టింది. చివరిదాకా వినడం నా వల్ల కాదు, నువ్వే విని ఇంకేమైనా ఉంటే దిద్దుకో అనేసి తన సీటు వైపు వెళ్ళిపోయింది.

మెరుపు చెవులకి తగిలించుకుని బటన్ నొక్కాడు. ఇప్పటిదాకా తొణక్కుండా మాట్లాడిన ఆవిడ గొంతే అందులోంచి బావురుమంది: “ఒరే మెరుపూ, మీ బావ ఇంక పలకట్లేదురా... బండేదిరా?”