మూడు వారాలు, ఒక వారం

“ఈ వారం గుడి మీకియ్య. మూడు వారాలు మావి, ఒక్క వారం మీది. పెద్దలు పెట్టిన నిష్పత్తి ఇది!” పురానాపూల్ గల్లీలోని గుడి గడపకు అడ్డంగా నిలబడి అరిచాడు ముసలి పూజారి వామన్‌రావు.

వరుసకు తమ్ముడి కూతురైన వాగ్దేవి బడిలో లెక్కలు చెబుతుంది. ఆమె వెనక్కి తగ్గలేదు. “గట్లెందుకు పెట్టిండ్రు, పెద్దబాపూ?”

“మా ఇంట్ల అన్నదమ్ములం ముగ్గురం. మీ నాయిన ఒక్కడే. తెల్వదా?”

“ఇప్పుడు మీరొక్కరే మిగిలిండ్రు. మా తమ్ముళ్లు ముగ్గురు. మనుషుల నిష్పత్తి తిరగబడ్డది, వారాలది మాత్రం గట్లనే ఉన్నది. రెండు నిష్పత్తులు సమానమైతేనే అనుపాతం. మీరు పట్టుకున్నది ఒక్క నిష్పత్తినే.”

“నాకే పాఠం చెప్తవా? నడువ్ ఈడికెళ్లి!”

“పోత. ఇంట్ల మైల వచ్చిందని నిన్న గుడి తెరవలేదట. ఒక్క వంశపోళ్లం, మీకు మైలైతే మాకు గాదా?”

మైల అన్నది వామన్‌రావు చెప్పిన అబద్ధం. నిన్న మోకాళ్లు పట్టేసి ఆయన మంచం దిగలేకపోయాడు. దేవుడు రోజంతా పస్తున్నాడు.

ఆయన గోడ పట్టుకుని పక్కకు జరిగాడు.

“నీ తమ్ముళ్లను స్నానాలు చేసి రమ్మను. మూడు వారాల పూజ వాళ్లనే చేస్కోమను, నాకు ఒక్క వారం చాలు. నువ్వు మాత్రం నా కండ్లకు కనబడకు.”