ఆరు నిమిషాల రాహుకాలం

ఇరవై రెండేళ్లు విమానాలు నడిపి, ఆపై వ్యోమగామి అయిన అహోబలరావుకు అంతరిక్షంలో మిగిలిన పని ప్రయాణికులకు స్వాగతం పలకడమే. నౌక తనంతట తానే లేస్తుంది, తనంతట తానే కక్ష్యలోని కేంద్రాన్ని చేరుతుంది. అయినా ఏడాదికొక్కసారి ప్రయాణికుల సాక్షిగా అతడు తన చేత్తో నౌకను కేంద్రానికి జతపరచాలి. లేకుంటే లైసెన్సు పోతుంది. ఆ గడువు ఈరోజుతో సరి.

అతడు మీటపై చేయి వేశాడో లేదో, ముందు వరుసలోని శేషమాంబ గారు వారించారు.

"ఆగు బాబూ, రాహుకాలం."

"ఇక్కడ గంటన్నరకోసారి తెల్లవారుతుందండీ. రాహుకాలం ఆరు నిమిషాలే."

"ఆరు నిమిషాలేగా, ఆగితే నీ సొమ్మేం పోయింది?"

తక్కిన ముప్పైమందీ ఆమెకే వంతపాడారు. అహోబలరావు చేయి వెనక్కి తీసుకున్నాడు.

నౌకకు పంచాంగం తెలియదు. మీట మీద చేయి లేదని గ్రహించి, నాలుగో నిమిషంలో అదే మెత్తగా వెళ్లి కేంద్రానికి అతుక్కుంది.

"ఇంతమంది చెప్పినా వినకుండా తగిలించేశావు కదయ్యా. నీ మీద ఫిర్యాదు రాస్తాను" అన్నారు శేషమాంబ గారు.

"నేను కాదండీ" అనబోయి అహోబలరావు ఆగిపోయాడు. జేబులోని కలం తీసి వినయంగా అందించాడు.

"నా చేత్తోనే చేశానని స్పష్టంగా రాయండమ్మా. తారీఖు మరిచిపోకండి."

ముప్పైమందీ కోపంగా సంతకాలు చేశారు.