ఎడమ పక్కకి బంతి

“ఎడమ గీత పక్కనే ఉండమంటిని కదా! ఏడ పోతివి?” ఫుట్‌బాల్ మ్యాచ్ ముగియగానే సెల్వరాణి కొత్తపిల్ల పాండిసెల్వి మీద విరుచుకుపడింది.

ఆటంతా బంతి కోవిల్‌పట్టి అమ్మాయిల కాళ్ల దగ్గరే ఉంది. తమ గోలు కాచుకోవడమే సరిపోయింది సెల్వరాణి ఆడే విరుదునగరం జట్టుకి. ఆఖర్లో సెల్వరాణి అలవాటు కొద్దీ, తలెత్తి చూడకుండా ఎడమ పక్కకి కొట్టిన బంతి ఎవరూ లేని చోట పడింది. దాన్ని అందుకుని కోవిల్‌పట్టి వాళ్లు ఒకే ఒక్క గోలుతో గెలిచేశారు.

“ఆడనే ఉండాను అక్కా. పానం పోయేట్టు పరిగెత్తినాను,” పాండిసెల్వి వెక్కుతూ అంది. “నువు కొట్టే చెండు ముత్తుసెల్వక్క పరుగుకే సరిపోతాది. నాకు అందదు.”

ఎడమ పక్కన ఎప్పుడూ ఆడే ముత్తుసెల్వి, పోయిన వేసవిలో సాత్తూరు దగ్గర బాణాసంచా షెడ్డులో కాలి చనిపోయింది.

“తప్పు నాదే, చెల్లీ,” అంది సెల్వరాణి. “ఇంక నిన్ను చూసి కొడతాను.”

అంతలో ముత్తుసెల్వి తల్లి పాప్పాత్తి జనంలోంచి వచ్చి, సెల్వరాణి ముఖం మీది చెమటని కొంగుతో తుడిచింది.

“ఓడిపోతిమి, అత్తా.”

“పోనీలే, తాయీ.” పాప్పాత్తి కళ్లు ఇంకా ఆ ఎడమ గీత మీదే ఉన్నాయి. “నువు చెండు కొట్టినప్పుడల్లా నా బిడ్డ దాని ఎనకాలే పరిగెత్తింది. కళ్లారా చూస్తిని. వచ్చే ఆట ఎప్పుడు? అప్పుడూ అట్లే కొడతావు కదా?”