చల్లటి బొరియ

"తాగే నోరు ఒక్కటైనా మిగిలిందంటావా?" అంటూ ఇరాసీ బకెట్ కింద పెట్టింది. నిన్న తొట్టెలో పోసిన నీళ్లమీద బూడిద తెట్టు కట్టింది తప్ప, ఏ జంతువూ మూతి పెట్టిన జాడ లేదు.

"మిగిలే ఉంటాయి పిన్నీ. పొయ్యండి." మంటలార్పే దళంలో పనిచేసే జోయెల్మా తొట్టె కడిగి నిలబెట్టింది.

పాంతనాల్ చిత్తడి మైదానాలకి నిప్పు కొత్తకాదు. కానీ ఈసారి గాలి దానికి తోడైంది. నది మధ్యలో పడవలో కూర్చుని, తన పాక, తేనెపెట్టెలు తగలబడిపోతుంటే చూడటం తప్ప ఇరాసీ చేయగలిగిందేమీ లేకపోయింది. ఒడ్డున జంతువుల అరుపులు ఇంకా ఆమె చెవుల్లోనే ఉన్నాయి.

"మీ తేనెపెట్టెలు బోర్లించి తేనెటీగల పిల్లపురుగుల్ని మింగేసిందే, ఒళ్లంతా పెంకులున్న ఆ పెద్ద ఆర్మడిల్లో... అదేమైంది?"

"మంటలకి ముందే ఎటో పోయింది, దొంగపీనుగ! ఏడాది కష్టం నేలపాలు చేసింది."

"అది పోతే పోయింది, దాని బొరియ ఉంటుందిగా! గోళ్లతో నిలువెత్తు లోతు తవ్వుకుని, నాలుగు రోజులుండి వెళ్లిపోతుందది. తర్వాత నక్కలు, ఉడుములు, అడవిపందులు అద్దె లేకుండా దిగిపోతాయి. పైన కొలిమిలా మండుతున్నా లోపల చల్లగానే ఉంటుంది. ఇలాంటప్పుడు వాటికి అదే దిక్కు. పదండి, కొన్నైనా బతికుంటాయి."

"అటెందుకే పిల్లా? అటేం లేదు."

జోయెల్మా అప్పటికే నడుస్తోంది. ఇరాసీ బకెట్ తీసుకుని వెనకే వెళ్లింది.

కాలిన తాటిచెట్ల వెనక మట్టిదిబ్బ కనబడగానే ఇద్దరూ ఆగిపోయారు. దిబ్బ చుట్టూ కాలిన కళేబరాలు పడి ఉన్నాయి. కూనల్ని కడుపుకింద దాచుకున్న అడవిపంది, నక్క, చీమలు తినే పొడుగుమూతి జంతువు. ఒకదాన్నొకటి వేటాడేవి కూడా పక్కపక్కనే. అన్నిటి తలలూ దిబ్బవైపే.

జోయెల్మా మోకాళ్లమీద కూలబడి చేతులతో బూడిద తోసింది. మట్టి కింద ఇటుకలు తగిలాయి. వరసగా, గట్టిగా, బొరియ నోటినిండా.

"ఎవరు పిన్నీ ఈ పని చేసింది?" ఆమె ఒక ఇటుకని గోళ్లతో పెకలించబోయింది. "ప్రాణాలు అరచేత పట్టుకుని ఇంతదూరం పరిగెత్తుకొచ్చాయే! లోపలికి దారే లేకపోతే..."

ఇరాసీ చేతిలోని బకెట్ జారి పడింది. నీళ్లన్నీ బూడిదలో ఇంకిపోయాయి. ఆమె అక్కడే చతికిలబడింది.

జోయెల్మా దగ్గరికి జరిగి ఆమె భుజం చుట్టూ చేయి వేసింది.

"ఊరుకోండి పిన్నీ. నది మధ్యలో ఉండి మీరు మాత్రం ఏం చేయగలరు చెప్పండి?"

ఇరాసీ ఇటుకల మీది బూడిదని వేళ్లతో తుడిచింది.

ఆ ఇటుకలు పేర్చింది ఆమే.