రామతులసి నిషాదం

"స్వరానికి మనిషి పేరు పెడతారా ఎక్కడైనా? సభలో నవ్విపోతారండీ పంతులుగారూ!" అన్నాడు వెంకటరాజు.

ఆయన కాకినాడ సంగీత సభ కార్యదర్శి. సభ వేస్తున్న పుస్తకంలో ఉమామహేశ్వరం పంతులుగారి వ్యాసం ఒకటుంది. దాని ఆఖరి పేజీ మీద పేచీ తేల్చుకుందామని పొద్దున్నే బస్సెక్కి యానాం వచ్చాడు. ఫ్రెంచివాళ్ళు ఊరు వదిలి వెళ్ళిన మరుసటేడు అది. అగ్రహారంలో పంతులుగారి వసారాలో, చాప మీద అచ్చు కాగితాలు పరుచుకుని కూర్చున్నాడు.

"కొత్త స్వరానికి పేరుండొద్దూ?" అన్నాడు పంతులు ఫిడేలు అందుకుంటూ.

"కొత్తదేమిటండీ? కైశికి నిషాదం కాస్త దిగి పలికితే అపశ్రుతి అంటాం. దానికో పేరూ, 'ని' అక్షరం కింద ఓ కొక్కెం గుర్తూనా?"

పంతులు లోపలికి తిరిగి, "ఓసారి తంబురా మీటు" అన్నాడు.

ఆయన భార్య భ్రమరాంబ వచ్చి గోడవార కూర్చుని తంబురా ఒళ్ళో పెట్టుకుంది. పంతులు ముందు కైశికి నిషాదం వాయించాడు. తర్వాత వేలిని గోరంత వెనక్కి జరిపి కమాను లాగాడు. ఆ స్వరం తంబురా నాదంలోకి దిగి అందులోనే కరిగిపోయింది. వెంకటరాజు తాంబూలం నమలడం మానేశాడు.

"తీగని ఏడు సమభాగాలు చేసి నాలుగు భాగాలు మోగిస్తే పలికేది ఇదే. మనకున్న శ్రుతుల్లో దీనికి చోటు లేదు. మా అమ్మాయి పాడేది."

"అయితే 'సప్తాంశ నిషాదం' అందామండీ. శాస్త్రానికి దగ్గరగా ఉంటుంది."

"అంశలు లెక్కగట్టింది నేను. పాడింది అది. అపశ్రుతి అనుకుని వేళ్ళు వాచిపోయేలా కొట్టేవాణ్ణి. అది పోయాక ఒకనాడు తీగ కొలుచుకుంటే తెలిసింది, తప్పు నాదని."

తంబురా ఆగిపోయింది.

వెంకటరాజు గొంతు తగ్గించాడు. "ఎప్పుడు పోయిందండీ?"

"కిందటేడు మాఘమాసంలో గోదాట్లో పిండం వదిలేశాను."

"అయ్యో! ఏం జబ్బండీ?"

"జబ్బేం లేదు."

ఇంకేమీ అడగబుద్ధి కాలేదు వెంకటరాజుకి. జేబులోంచి కలం తీశాడు. "సరేనండీ, రామతులసి నిషాదం అనే వేయిద్దాం. కింద చిన్న అక్షరాల్లో ఓ ముక్క కలుపుతాను. 'వ్యాసకర్త కుమార్తె, కీర్తిశేషురాలు రామతులసి పేరిట' అని."

"ఆ మాట రాయకండి బాబూ" అంది భ్రమరాంబ.

"ఏ మాటమ్మా?"

"కీర్తిశేషురాలని. మీకు పుణ్యముంటుంది."

"రాయండి రాజుగారూ" అన్నాడు పంతులు.

"కొట్టిన చేత్తోనే ఆ మాట కూడా రాయిస్తారా?" అందామె భర్తతో.

"రాయమన్నానా!" పంతులు కమాను నేలకేసి కొట్టాడు. అది రెండు ముక్కలై ఒకటి వాకిట్లో పడింది.

వెంకటరాజు కలం పట్టుకునే ఆవిడ వైపు తిరిగాడు. కన్నతల్లికి ఆ మాట చెవిన పడటం ఎంత కష్టమో అనుకున్నాడు. "ఊరుకోండమ్మా, పుస్తకంలోనన్నా బతికే ఉంటుంది" అన్నాడు.

ఆవిడ ఆయనకేసి అదోలా చూసింది. పంతులు చూస్తుండగానే వెంకటరాజు ఆ ముక్క రాసేశాడు.

సిరా ఇంకా ఆరలేదు. వీధి గుమ్మం దగ్గర ఎవరో పరుగెత్తుకొచ్చి ఆగారు. పాతికేళ్ళ కుర్రాడు. మెళ్ళో సిలువ, కాళ్ళకి చెప్పుల్లేవు, చొక్కా చేతులు నెత్తురుతో తడిసి ఉన్నాయి. లోపలికి రాలేదు. మెట్టు కూడా ఎక్కలేదు. పంతులు అతన్ని చూసి మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

భ్రమరాంబ తంబురా పక్కకి నెట్టేసి వాకిట్లోకి పరుగెత్తింది. "ఏమైంది సెబాస్టియన్?"

"ఆడపిల్ల పుట్టిందండీ అత్తయ్యగారూ" అన్నాడతను. గుమ్మం పట్టుకున్నాడు.

"రామతులసి ఇప్పుడే పోయిందండీ."